నిద్ర కూడా డ్యూటీయే

2025 డిసెంబరు మొదటి వారంలో టీవీ పెడితే విమానాశ్రయాలు తప్ప మరొకటి కనిపించలేదు. శంషాబాద్‌తో సహా దేశంలోని పెద్ద విమానాశ్రయాలన్నిటిలో అదే దృశ్యం. సూట్‌కేసులకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్న పెద్దవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని కౌంటర్ల దగ్గర నిలబడ్డ తల్లులు. డిసెంబరు 5న ఒక్కరోజే ఇండిగో సంస్థ వెయ్యికి పైగా విమానాలను రద్దు చేసింది. సమ్మె ఏమీ లేదు. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలు అంతకు నెల రోజుల ముందే పూర్తిగా అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం డ్యూటీలు వేయడానికి సరిపడా పైలట్లు ఆ సంస్థ దగ్గర సిద్ధంగా లేరు.

మా పక్కింటి అక్క ఆ వార్తలు చూసి, "పైలట్లు నిద్రవోయేందుకు జనం అవస్థ పడాల్నా?" అన్నది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అది వెంటనే, "మరి నిద్రలేని పైలట్ నడిపితే నువ్వు ఎక్కుతవా పెద్దమ్మా?" అని అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ రెండు ప్రశ్నలూ మనసులో ఉండిపోయాయి. రెండింటిలోనూ న్యాయం ఉంది. అందుకే ఈ విషయం కాస్త చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్నది తోటి తల్లిదండ్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు ఈ విషయం పట్టడానికి కారణాలు రెండు. మా అమ్మాయి పైలట్ అవుతానంటోంది. చిన్నప్పుడు నాగార్జునసాగర్ చూడబోయినప్పుడు అక్కడి ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం దాని కంట పడింది. అప్పటి నుంచి అదే ధ్యాస. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒక శిక్షణ విమానం కూలి, దాన్ని నడుపుతున్న యువతి చనిపోయినప్పుడు మా అత్తమ్మ, "ఇగ ఆ మాట ఎత్తకు బిడ్డా" అని చెప్పింది. అయినా అది ఎత్తుతూనే ఉంది.

రెండో కారణం, మా ఆయన బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని పగలు నిద్రపుచ్చడం ఎంత పనో నాకు తెలుసు. ఎండాకాలం నల్లగొండలో మిట్టమధ్యాహ్నం నిద్ర పట్టాలంటే కిటికీలకు తడిపిన దుప్పట్లు కట్టాలి. కుక్కర్ ఆయన లేచాకే పొయ్యి మీదికి. కాలింగ్ బెల్ స్విచ్ తీసేస్తాం. కూరగాయల బండి మా ఇంటి ముందుకొచ్చేసరికి మైకు ఆపేయమని ఆ అన్నకు చెప్పి పెట్టుకున్నాం. పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. "వాడు నిద్రవోవుడు కూడా డ్యూటీనే. ఆ డ్యూటీ మనం చేయించాలె" అనేది.

రూలు ఏం చెబుతోంది

మన దేశంలో విమానాల భద్రతను చూసే సంస్థ డీజీసీఏ. 2024 జనవరిలో అది పైలట్ల డ్యూటీ వేళల మీద సవరించిన నిబంధనలను ప్రకటించింది. విమానసంస్థలు గడువు కోరాయి, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాయి. చివరికి 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమల్లోకి వచ్చాయి.

అందులో ముఖ్యమైనవి చెబుతాను. వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతి అంతకుముందు వరుసగా 36 గంటలు ఉండేది. దాన్ని 48 గంటలు చేశారు. ఆ 48 గంటల్లో రెండు రాత్రులు తప్పకుండా ఉండాలి. ఇదివరకు రాత్రి అంటే అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5 వరకే. ఇప్పుడు దాన్ని 6 వరకు పొడిగించారు. రాత్రి వేళను తాకే డ్యూటీలో ఇదివరకు 6 సార్లు విమానాన్ని కిందికి దించే వీలుండేది. ఇప్పుడు 2 సార్లకు తగ్గించారు.

మా ఆయనకు ఇవన్నీ చదివి వినిపిస్తే, రాత్రి గంటల దగ్గర ఆపమన్నాడు. "ఆరుదాకా అని రాసిండ్రా? అయితే ఎవరో బండి నడిపినోడే రాసిండు. ఐదు దాటినంక తూర్పున తెలుపు కనవడ్తది. ఇగ గండం గడిచిందనుకుంటం. అప్పుడే రెప్ప పడ్తది" అన్నాడు.

ఆయన అనుభవంతో చెప్పిన మాటకు శాస్త్రంలో ఆధారం ఉంది. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. తెల్లవారుజాము 2 నుంచి 6 మధ్య ఒంటి వేడి, చురుకుదనం బాగా తగ్గిపోతాయి. ఆ వేళలో మెలకువగా ఉన్న మనిషి కళ్లు తెరిచే ఉంటాడు గానీ చూసినది బుర్రకెక్కడానికి ఆలస్యమవుతుంది. నలభై ఏళ్ల అనుభవమున్నా ఈ గడియారాన్ని మార్చలేరు.

ఇంకొక లెక్క కూడా ఆసక్తిగా అనిపించింది. పైలట్ 7 రోజుల్లో 35 గంటలకు మించి, ఏడాదిలో 1000 గంటలకు మించి విమానం నడపకూడదు. ఇది మా అమ్మాయికి లెక్కగా ఇచ్చాను. వారానికి 35 గంటల చొప్పున నడిపితే 29 వారాలు తిరగకముందే ఏడాది కోటా అయిపోతుందని తేల్చింది. అంటే ఒక వారం గట్టిగా పనిచేయొచ్చు, నెల చేయొచ్చు. ఏడాదంతా అదే వేగంతో నడవకూడదన్నది ఆ లెక్క ఉద్దేశం. "పరీక్షల ముందు గట్టిగా చదువుతం గదా, అట్ల ఏడాదంతా చదవొద్దన్నట్టు" అని అది తనకు అనువైన అర్థం తీసుకుంది. పూర్తిగా కాదనలేకపోయాను.

మంగళూరులో జరిగింది

ఈ నిబంధనలు ఊరికే పుట్టలేదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం 6 దాటగానే రన్‌వే మీద ఆగకుండా ముందుకెళ్లి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. గల్ఫ్ నుంచి ఇంటికొస్తున్న సామాన్య కుటుంబాలవే అందులో ఎక్కువ. మన తెలంగాణ పల్లెల నుంచి కూడా గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి రాత్రి విమానాలు మనకు కొత్త కాదు.

ఆ ప్రమాదంపై జరిగిన విచారణలో తేలిన సంగతి ఒకటుంది. కాక్‌పిట్‌లో మాటలను రికార్డు చేసే యంత్రంలో 2 గంటల 5 నిమిషాల రికార్డు దొరికింది. అందులో మొదటి గంటా 40 నిమిషాల పాటు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. లేచాక విమానం దించాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది. పక్కనున్న కో-పైలట్ మళ్లీ పైకి లేపమని మూడుసార్లు హెచ్చరించాడు. అయినా కెప్టెన్ దించే ప్రయత్నం ఆపలేదు. ఆ కెప్టెన్‌కు పదివేల గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఉంది.

మనందరికీ తెలిసిన అనుభవమే అది. గాఢనిద్రలోంచి లేచిన మనిషి కాసేపు తన లోకంలో ఉండడు. పిలిస్తే పలుకుతాడు, ఏం చెప్పాడో గుర్తుండదు. ఆ నిద్రమత్తు దిగడానికి సమయం కావాలి. ఇంట్లో అయితే ముఖం కడుక్కుని టీ తాగేలోపు దిగుతుంది. ఆ సమయం లేనిచోట ఏం జరుగుతుందో మంగళూరు చూపించింది.

అమెరికాలోనూ ఒక ప్రమాదం తర్వాతే చట్టం మారింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. విచారణలో పైలట్లిద్దరి గత రాత్రి లెక్క తీశారు. కో-పైలట్ దేశానికి అటు చివరనున్న సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. కెప్టెన్ విమానాశ్రయంలో సిబ్బంది కూర్చునే గదిలో రాత్రి గడిపాడు. కాగితం మీద ఇద్దరూ విశ్రాంతిలోనే ఉన్నారు. పక్క మీద నిద్ర మాత్రం లేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. కొత్త నిబంధనలు 2014 జనవరిలో అమల్లోకి వచ్చాయి. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో ఏ అడ్డంకీ లేకుండా 8 గంటలు నిద్రపోయే వీలు ఉండాలన్నది అందులో ఒకటి. విశ్రాంతి వేరు, నిద్రపోయే అవకాశం వేరు అని చట్టంలో రాసుకోవాల్సి వచ్చింది.

"నాకేం కాలేదు" అనే మాట

ఇన్ని గంటలని లెక్క గట్టే బదులు, అలసిపోయిన మనిషే చెబితే సరిపోదా అని మొదట అనిపించింది. సరిపోదు. ఎందుకంటే అలసిన మనిషికి తాను ఎంత అలసిపోయాడో తెలియదు.

1997లో నేచర్ అనే ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితం ప్రచురించారు. కొంతమందిని నిద్రపోనీయకుండా ఉంచి చేతికీ కంటికీ పొంతన చూసే పరీక్ష పెట్టారు. వాళ్లకే మరోరోజు మద్యం ఇచ్చి అదే పరీక్ష పెట్టారు. 17 గంటలు వరుసగా మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా ఉంది. మన దేశంలో తాగి బండి నడిపిన కేసుకు హద్దు 0.03 శాతం. అంటే తెల్లవారి 5 గంటలకు లేచిన మనిషి రాత్రి 10 గంటలకు చుక్క ముట్టకుండానే ఆ హద్దు దాటినట్టు. పోలీసులు నోటి దగ్గర పెట్టే యంత్రం దాన్ని పట్టుకోలేదు.

తాగినవాడు "నాకేం కాలేదు" అంటే మనం నమ్మం. నిద్రలేనివాడు అదే మాట అంటే మెచ్చుకుంటాం. "ఎంత కష్టజీవి" అంటాం.

మన జిల్లాల మీదుగా రెండు పెద్ద రహదారులు పోతాయి. నల్లగొండ వైపు విజయవాడ రోడ్డు, పాలమూరు వైపు బెంగళూరు రోడ్డు. నా పుట్టిల్లు జడ్చర్ల, అత్తిల్లు నల్లగొండ. రాత్రంతా లారీల హోరు వినబడే ఊళ్లే రెండూ. ఆ లారీలు నడిపేవాళ్లకూ చట్టం లేకపోలేదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని మామూలు హద్దు పెట్టింది. వరుసగా 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. కానీ ఐదుగురి కంటే తక్కువ మంది పనిచేసే చోట ఆ చట్టం వర్తించేది కాదు. సొంత లారీకి తానే ఓనరు, తానే డ్రైవరు అయిన మనిషికి గంటలు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు. కిస్తీ కట్టాల్సిన తేదీ ఒక్కటే ఆయనకు గడియారం. విమానంలో పక్క సీట్లో ఇంకొక పైలట్ ఉంటాడు. లారీలో క్లీనరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

అందుకే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. విశ్రాంతిని మనిషి ఓపికకు వదిలిపెట్టకూడదు. అలసట రాకముందే, తెలివిగా ఉన్నప్పుడే, కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రాసినదాన్ని అవసరం వచ్చినప్పుడు కూడా పాటించాలి.

ఆ చివరి మాట కష్టం. మా ఇంట్లో ఒక నియమం ఉంది. వరుసగా రెండు రాత్రులు డ్యూటీ చేస్తే మూడో రాత్రి ఇంట్లో పడుకోవాలి. ఒక ఏడాది ఫీజు రెండో విడత కట్టాల్సిన వారంలోనే మూడో రాత్రికి అదనపు డ్యూటీ ఉందని ఫోన్ వచ్చింది. చేస్తే డబ్బులు వచ్చేవి. మా ఆయన ఫోన్ పట్టుకుని నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. స్కూలు ఆఫీసులో చెప్పుకుని ఆ విడత పది రోజులు ఆలస్యంగా కట్టాం. వాళ్లు అర్థం చేసుకున్నారు. విశ్రాంతికి ఖర్చుంటుందని నాకు అప్పుడు బాగా తెలిసింది. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ముందే అనుకుని భరిస్తే పది రోజుల ఆలస్యంతో పోతుంది.

డిసెంబరులో జరిగింది కూడా నాకు ఆ కోణంలోనే అర్థమైంది. నిబంధనలు ప్రకటించిన నాటి నుంచి పూర్తిగా అమలయ్యే నాటికి దాదాపు రెండేళ్ల సమయం ఉంది. ఆ రెండేళ్లలో పైలట్లను పెంచుకోవడమో, విమానాలు తగ్గించుకోవడమో చేసి ఉంటే సరిపోయేది. ఉన్నవాళ్లను చివరి గంట వరకు వాడే లెక్క వేసుకుంటే, ఒక్క గంట తగ్గినా మొత్తం కూలుతుంది. చివరికి డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. సెలవును వారపు విశ్రాంతిలో కలిపి చూపకూడదన్న నిబంధనను కూడా వెనక్కి తీసుకుంది. జనం విమానాశ్రయాల్లో పడిగాపులు కాస్తుంటే ప్రభుత్వానికి వేరే దారి కనిపించి ఉండకపోవచ్చు. కానీ మా పక్కింటి అక్క ప్రశ్నకు జవాబు మాత్రం ఇదే. జనం అవస్థ పడింది పైలట్లు నిద్రపోయినందుకు కాదు. ఆ నిద్రకు ఎవరూ ముందుగా చోటు ఉంచనందుకు.

మన పిల్లల చార్టు

ఇక మన పిల్లల సంగతి. తరగతి వాట్సాప్ గ్రూపులో ఈమధ్య కొందరు తల్లిదండ్రులు, వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి తెల్లవారుజామున స్టడీ అవర్ పెట్టించమని స్కూలును కోరదామన్నారు. వాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. నేను వ్యతిరేకించలేదు, గంటలు లెక్కవేసి గ్రూపులో పెట్టాను. ఇక్కడ కూడా పెడతాను.

5 గంటలకు చదవడం మొదలుపెట్టాలంటే పిల్ల 4.30కు లేవాలి. కట్టంగూరు, మునుగోడు వైపు నుంచి వచ్చే పిల్లలు ఏడింటికల్లా వ్యాన్ ఎక్కాలి. సాయంత్రం స్టడీ అవర్ అయ్యి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. తిని, హోంవర్క్ చేసి పడుకునేసరికి 11. నిద్ర ఐదున్నర గంటలు. 4.30కు లేచిన పిల్లకు రాత్రి 9.30కే 17 గంటలు నిండుతాయి. ఆ ప్రయోగం పెద్దవాళ్ల మీద చేసిందే. కానీ పిల్లలకు నిద్ర ఇంకా ఎక్కువ కావాలి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. పైగా ఈ వయసులో ఒంట్లోని గడియారం కాస్త వెనక్కి జరుగుతుంది. పెందలాడే పడుకోబెట్టినా వెంటనే నిద్ర రాదు. అది మొండితనం కాదు, వయసు. పగలు చదివినది మనసులో గట్టిపడేది కూడా నిద్రలోనే.

"మేం కిరోసిన్ దీపం కింద చదివి పైకొచ్చాం" అని ఒకాయన గ్రూపులో రాశారు. మా నాన్న కూడా అలా చదివినవాడే. కానీ ఆ దీపంలో కిరోసిన్ అయిపోగానే పుస్తకం మూసి పడుకునేవాళ్లు. రేషన్ కిరోసిన్ ఎన్ని గంటలొస్తే అన్ని గంటలే చదువు. అప్పటి పిల్లలకు అదే డ్యూటీ రూలు. ఇప్పుడు కరెంటు పోదు, ఫోన్ ఆరదు. కాబట్టి రూలు మనమే పెట్టాలి.

ఇంకొకరు, "పైలట్ తప్పు చేస్తే వందల ప్రాణాలు పోతాయి. పిల్లలకు నాలుగు మార్కులే కదా" అన్నారు. నిజమే, పోలిక పూర్తిగా కుదరదు. కానీ మన పిల్లలు రెండేళ్లలో స్కూటీ ఎక్కుతారు. తెల్లవారుజామున కోచింగ్‌కని చౌరస్తా దాటుతారు. అది పక్కన పెట్టినా, నిద్రలేని పిల్లకు చిన్న విషయానికి ఏడుపు, తమ్ముడి మీద చిరాకు, తనకేమీ రాదన్న దిగులు. ఇవి ప్రోగ్రెస్ కార్డులో కనిపించవు, ఇంట్లో కనిపిస్తాయి.

పైలట్ల నిబంధనల నుంచి మా ఇంట్లో మేం కొన్ని తీసుకున్నాం. మీకు పనికొస్తే మీరూ తీసుకోండి.

పైలట్ డ్యూటీ గంటలు విమానం లేచినప్పుడు మొదలవ్వవు, రిపోర్ట్ చేసినప్పుడే మొదలవుతాయి. పిల్లల రోజునూ అలాగే లెక్కపెట్టాలి. వ్యాన్ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా డ్యూటీయే. వ్యాన్‌లో కునుకు తీశారు కదా అని దాన్ని నిద్రలో కలపకూడదు.

విశ్రాంతి వరుసగా ఉండాలి. రాత్రి ఐదు గంటలు, మధ్యాహ్నం గంట, ఆదివారం పొద్దెక్కేదాకా అని ముక్కలు ఏరుకుంటే పూర్తి నిద్ర కాదు.

సెలవు వేరు, విశ్రాంతి వేరు. ఆదివారం దేవరకొండలో పెళ్లికి వెళ్లి రాత్రి పదింటికి వస్తే అది సెలవే. మరుసటి రోజు పరీక్ష ఉన్న పిల్లకు అది విశ్రాంతి కాదు. పెళ్లికి వెళ్లొద్దని కాదు, లెక్క సరిగ్గా రాసుకోవాలని.

చార్టులో కొంత ఖాళీ ఉంచాలి. ప్రతి అరగంటకూ ఒక సబ్జెక్టు రాస్తే, ఒకరోజు జ్వరం వచ్చినా వారమంతా తలకిందులవుతుంది. అప్పుడు మొదట కోసేది నిద్రనే.

మా అమ్మాయి చార్టులో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిద్ర అని మొదట రాశాం. మిగిలిన గంటల్లో చదువును సర్దాం. సర్దేటప్పుడు ఆదివారం ఆన్‌లైన్ టెస్టు ఒకటి, రాత్రి ఫోన్ గంట ఒకటి బయటికి పోయాయి. టెస్టు పోయినందుకు నాకు బాధ, ఫోన్ పోయినందుకు దానికి. చెరి సమానం.

చివరిగా ఒక మాట. పైలట్ కావాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, 200 గంటలు విమానం నడిపి 18 ఏళ్లు నిండాక లైసెన్సు తీసుకోవాలి. ఇవన్నీ మా అమ్మాయి కంఠతా చెబుతుంది. దానికి నేను ఇంకొకటి కలిపాను. ఒళ్లు సహకరించని రోజు "ఈరోజు నేను నడపలేను" అని చెప్పగలగడం కూడా పైలట్ పనిలో భాగమే. అలా చెప్పినవాళ్లను శిక్షించకూడదని, అలసట గురించి వచ్చిన ఫిర్యాదుల లెక్క విమానసంస్థలు మూడు నెలలకోసారి డీజీసీఏకు పంపాలని నిబంధన ఉంది.

కానీ పద్నాలుగేళ్ల వయసులో "అమ్మా, నిద్రొస్తుంది" అన్నప్పుడల్లా తిట్లు తిన్న పిల్ల, ఇరవై అయిదేళ్లకు నూట ఎనభై మంది వెనక కూర్చున్నప్పుడు ఆ మాట ధైర్యంగా చెబుతుందా? పైలటే కానక్కర్లేదు. డాక్టరైనా, నర్సైనా, బస్సు డ్రైవరైనా ఏదో ఒకరోజు ఆ మాట చెప్పాల్సిందే. ఆ అలవాటు ఉద్యోగంలో చేరాక ఎవరూ నేర్పరు. ఇంట్లోనే నేర్చుకోవాలి. వాళ్లు చెప్పినప్పుడు మనం నమ్మితే చాలు.